కడప నుంచి విదేశాలకు వెళ్లేవారు ఇంగ్లీషు మాట్లాడడం ఎక్కడ, ఎలా నేర్చుకోవాలి?

ప్రతి ఏడాదీ మే నెల వచ్చేసరికి ఒకే ప్రశ్నతో నలుగురైదుగురు పిల్లలు మా ఇంటికి వస్తారు. "అన్నా, సెప్టెంబరులో పోవాల. చదివేది వస్తాది, రాసేది వస్తాది, మాట్లాడేది రాదు. యాడ చేరమంటావు?" అని అడుగుతారు. వారి వెనకే తల్లో తండ్రో నిలబడి ఉంటారు. కడపలో ఏడు రోడ్ల కూడలి నుంచి కోటిరెడ్డి సర్కిల్ దాకా నడిస్తే స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులకు కొదవలేదు. ఫోన్ తెరిస్తే ఉచిత పాఠాలకూ కొదవలేదు. ఇన్ని దారులుండగా ఎవరికి ఏది పనికొస్తుందో తేల్చి చెప్పేవారే తక్కువ. నేను మైదుకూరు దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. తర్వాత ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో చదువుకీ ఉద్యోగానికీ కలిపి ఆరేళ్లు ఉండి, తిరిగొచ్చి కడపలో స్థిరపడ్డాను. అక్కడ నేను పడ్డ ఇబ్బందుల్లో సగం ఇక్కడే తీర్చుకుని వెళ్లగలిగినవి కాబట్టి, నాకు తెలిసినంతలో ఈ పోలిక రాస్తున్నాను.

ముందు తేల్చుకోవలసింది: ఎవరితో మాట్లాడబోతున్నారు?

ఎక్కడ చేరాలన్న ప్రశ్న కంటే ముందు, దిగిన మొదటి నెలలో ఎవరితో ఏం మాట్లాడవలసి వస్తుందన్న ప్రశ్న వేసుకోవాలి. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ చదవబోయే అమ్మాయికీ, కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చేరబోయే అబ్బాయికీ, డల్లాస్‌లో కూతురి పురుడు చూడడానికి వెళ్లే తల్లికీ కావలసిన ఇంగ్లీషు ఒకటి కాదు. ముగ్గురినీ ఒకే బ్యాచిలో కూర్చోబెట్టి క్రియారూపాల పట్టిక చెప్పినందువల్లే చాలామంది డబ్బూ నమ్మకమూ రెండూ పోగొట్టుకుంటున్నారు.

కువైట్ సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, బద్వేలు ప్రాంతాల నుంచి వెళ్లేవారిలో ఎక్కువమంది దారి అదే. ఇంటి పనికో, డ్రైవరు పనికో వెళ్లేవారు అప్పు చేసి స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో చేరడం నాకు సమ్మతం కాదు. ఆ ఇళ్లలో పొద్దున్నుంచి రాత్రి దాకా చెవిన పడేది అరబ్బీ. నీళ్లు తెమ్మంటే 'మాయ్' అంటారు, కుడివైపు తిరగమంటే 'యమీన్' అంటారు, ఎడమ 'యసార్', రేపు 'బాచర్'. ఇలాంటి మాటలు రెండు వందలు వస్తే మొదటి నెల గడుస్తుంది. వాటిని నేర్పగలిగినవారు మీ ఊళ్లోనే ఉంటారు. పదేళ్లు అక్కడ పనిచేసి వచ్చిన ఒక అక్క దగ్గర సాయంత్రాలు నెల రోజులు కూర్చుంటే, ఏ కోర్సూ ఇవ్వలేని చదువు దొరుకుతుంది. ఏ మాటకు యజమానురాలు నొచ్చుకుంటుందో, ఏ మాటకు మెత్తబడుతుందో కూడా ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో, బ్యాంకులో, విమానాశ్రయంలో మాత్రం ఇంగ్లీషు అవసరం పడుతుంది. తన పేరు, పాస్‌పోర్టు నంబరు, నొప్పి ఎక్కడో, జీతం ఎన్ని నెలల నుంచి రాలేదో చెప్పగలిగే ముప్పై నలభై వాక్యాలు రాసుకుని, గట్టిగా పైకి చదువుతూ నోటికి తెచ్చుకుంటే చాలు. కువైట్‌లో అత్యవసర నంబరు 112 అన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

ఇక ఈ వ్యాసంలో ఎక్కువ భాగం చదువుకోసం, ఉద్యోగంకోసం బ్రిటన్, ఐర్లండ్, అమెరికా, కెనడా వంటి దేశాలకు వెళ్లేవారి గురించి.

పరీక్ష కోచింగు వేరు, మాట్లాడడం వేరు

విదేశీ చదువులకు అడిగే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష కోచింగులో చేరితే మాట్లాడడం కూడా వచ్చేస్తుందని తల్లిదండ్రులు అనుకుంటారు. ఆ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలుంటాయి. వాటిలో మాట్లాడే భాగం 11 నుంచి 14 నిమిషాలే ఉంటుంది. మధ్యలో ఒక కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి 1 నిమిషం గడువిచ్చి, 1 నుంచి 2 నిమిషాలు ఆగకుండా మాట్లాడమంటారు. కోచింగు సెంటర్లు ఆ కార్డుల్లో వచ్చే అంశాలకు జవాబులు తయారుచేయించి బట్టీ పట్టిస్తాయి. దానివల్ల స్కోరు వస్తుంది, సీటు వస్తుంది. కానీ బస్సు డ్రైవరు ఏమన్నాడో అర్థం కాదు, ఎందుకంటే పరీక్షాధికారి మీకోసం నిదానంగా, స్పష్టంగా మాట్లాడతాడు, బస్సు డ్రైవరుకు ఆ అవసరం లేదు. కాబట్టి పరీక్ష కోచింగుకు కేటాయించిన నెలలను మాట్లాడే సాధన కింద లెక్కవేసుకోకూడదు.

ఏ పరీక్ష రాయాలన్నది కూడా చాలామందిని తికమకపెడుతుంది. మీరు చేరబోయే విశ్వవిద్యాలయం, ఆ దేశపు వీసా నియమాలు ఏ పరీక్షను ఒప్పుకుంటాయో ముందు చూసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్, పీటీఈ అనే మరో ఇంగ్లీషు పరీక్ష, ఈ రెండింటినీ ఒప్పుకునే చోట ఐఈఎల్‌టీఎస్‌కూ పీటీఈకీ ఉన్న అసలు తేడా ఏమిటంటే, మొదటిదానిలో ఎదుట ఒక మనిషితో మాట్లాడాలి, రెండోదానిలో కంప్యూటరుతో మాట్లాడాలి, మార్కులు వేసేది కూడా ప్రధానంగా కంప్యూటరే. మనిషి ముందు గొంతు పెగలనివారు పీటీఈ వైపు మొగ్గుతారు. వారికి నా సలహా దానికి విరుద్ధంగా ఉంటుంది. సమయం ఉంటే ఐఈఎల్‌టీఎస్‌కే తయారవమంటాను, ఎందుకంటే ఆ భయం ఎలాగూ ఎక్కడో ఒకచోట పోగొట్టుకోవలసిందే, పరీక్ష సాకుతో ఇక్కడే పోగొట్టుకుంటే మేలు. నెల రోజుల్లో స్కోరు పంపకపోతే సీటు పోతుందన్నవారు మాత్రం ఏది తేలికనిపిస్తే అది రాయవచ్చు. ఐఈఎల్‌టీఎస్ స్కోరు 2 ఏళ్లే చెల్లుతుంది కనుక, డిగ్రీ రెండో సంవత్సరంలోనే తొందరపడి రాసేయడం వల్ల ప్రయోజనం లేదు.

బ్యాచి, ట్యూటరు, ఫోను, నలుగురు స్నేహితులు

ఏ పద్ధతినైనా తూచడానికి నేను వాడే కొలత ఒకటే: ఆ గంటలో మీ నోరు ఎన్ని నిమిషాలు పలికింది?

ఒక బంధువుల అబ్బాయితో కలిసి పట్టణంలోని ఒక సెంటర్లో ఉచిత డెమో క్లాసుకు వెళ్లాను. ముప్పై కుర్చీలున్నాయి, అన్నీ నిండాయి. మాస్టారు మంచివారు, కష్టపడి చెబుతున్నారు. బోర్డు మీద వర్తమాన, భూత, భవిష్యత్ కాలాలకు పట్టికలు గీసి, ఒక్కొక్క వాక్యం చదివి, అందరిచేతా ఒక్కసారిగా చెప్పించారు. గంట క్లాసులో నలభై నిమిషాలు ఆయనే మాట్లాడారు. మిగిలిన ఇరవై నిమిషాలను ముప్పై మందికి పంచితే మనిషికి 40 సెకన్లు. ఆదివారాలు తీసేసి మూడు నెలలకు 75 రోజులు వేసుకుంటే 3000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. మూడు నెలలు ఫీజు కట్టి, రోజూ బస్సెక్కి వచ్చి, ఒక కుర్రవాడు నోరు తెరిచే సమయం మొత్తం గంట కూడా కాదు. మా అబ్బాయి ఆ రోజు మాట్లాడింది తన పేరు, తన ఊరు.

అలాగని ఇలాంటి సెంటర్లు దండగ అని నేను అనను. వాక్యం ఎలా కట్టాలో తెలియనివారికి, ఇంగ్లీషు అక్షరం చూస్తేనే బెదిరేవారికి ఆ పునాది కావాలి, అది అక్కడ దొరుకుతుంది. ఇంట్లో నలుగురి ముందు ఇంగ్లీషులో మాట్లాడితే వెక్కిరిస్తారని వెనుకాడే ఆడపిల్లలకు ఆ గది ఒక్కటే ధైర్యమిచ్చే చోటు కావడం చాలాసార్లు చూశాను. చేరేముందు ఒక పని చేయండి. డెమో క్లాసులో గడియారం చూస్తూ, మాస్టారు కాక మిగతావారు విడివిడిగా ఎన్ని నిమిషాలు మాట్లాడారో కాగితం మీద గీతలు పెట్టండి. బ్యాచిలో పన్నెండు మందికి మించి ఉన్నా, తప్పు మాట్లాడినవాణ్ణి అక్కడికక్కడే ఆపి సరిచేయకపోయినా, రెండో నెల ఫీజు కట్టవద్దు.

ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అనే మాటను మాత్రం నమ్మవద్దు. కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ లెక్క ప్రకారం, భాష ఎంత వచ్చో కొలిచే యూరోపియన్ కొలమానంలో ఏ2 అనే ప్రాథమిక స్థాయికి చేరడానికి దాదాపు 180 నుంచి 200 గంటల చదువు, చాలా విషయాలు తడబడకుండా మాట్లాడగలిగే బీ2 స్థాయికి 500 నుంచి 600 గంటల చదువు పడుతుంది. డిగ్రీ చదువులకు సాధారణంగా అడిగేది ఆ బీ2 స్థాయినే. మన ప్రాంతంలో ఇంటర్ దాకా ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా చదివినవారు నోటిమాటలో ఏ2 దగ్గర ఉంటారని నా అంచనా. అక్కడి నుంచి బీ2కి మూడు నాలుగు వందల గంటల దూరం. రోజుకు గంట చొప్పున అయితే ఏడాది.

ఆన్‌లైన్‌లో ఒక్కరికే చెప్పే ట్యూటరును పెట్టుకుంటే లెక్క మారుతుంది. అరగంట పాఠంలో ఇరవై నిమిషాలు మీరే మాట్లాడితే 75 రోజులకు 25 గంటలు. ఖర్చు బ్యాచి కంటే ఎక్కువే, కానీ మాట్లాడిన నిమిషానికి ఎంత పడిందని భాగించి చూస్తే తరచుగా అదే చవక. ఇక్కడ ఒక ఎంపిక ఉంది. మొదటి రెండు నెలలు తెలుగు వచ్చిన టీచరే మేలు. 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్' అనవలసిన చోట 'ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్' అని మీరెందుకు అంటున్నారో, 'దిస్ మార్నింగ్'కు బదులు 'టుడే మార్నింగ్' అనే మాట మీ నోట ఎందుకు వస్తుందో ఆ టీచరుకు తెలుసు కాబట్టి తప్పును వేరుతో తీయగలరు. ఆ తర్వాత మాత్రం మీరు వెళ్లబోయే దేశపు మనిషితో వారానికి రెండుసార్లయినా మాట్లాడాలి. అప్పుడు చెవి తయారవుతుంది.

మన కడపకే ఇందుకు పాత ఉదాహరణ ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఇక్కడికి ఉద్యోగిగా వచ్చేనాటికి ఆయన తెలుగు ఇంకా లేతగానే ఉంది. ఆయన పుస్తకాలతో ఆగిపోలేదు. ఇక్కడే బంగళా కొనుక్కుని, పండితులకు జీతాలిచ్చి, వారితో కూర్చుని పద్యాలు చదివించుకుంటూ, అర్థాలు అడుగుతూ నేర్చుకున్నాడు. ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరున ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లినప్పుడల్లా, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి లేకుండా పరాయి భాష పట్టుబడదన్న సంగతి నాకు గుర్తుకొస్తుంది.

ట్యూటరుకు డబ్బు లేనివారికి నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది నలుగురు స్నేహితుల జట్టు. నలుగురు కలిసి రోజూ గంట కూర్చుంటే తలా 15 నిమిషాలు వస్తాయి, 75 రోజులకు 18 గంటలకు పైగా అవుతుంది, ఖర్చు లేదు. అయితే ఊరికే 'ఇంగ్లీషులో మాట్లాడుకుందాం' అని కూర్చుంటే మూడో రోజుకు క్రికెట్ గురించి తెలుగులో మాట్లాడుకుంటారు. ప్రతి రోజుకూ ఒక సన్నివేశం పెట్టుకోవాలి. ఒకరు ఇల్లు అద్దెకిచ్చేవారు, ఒకరు అద్దెకు వచ్చినవారు. గదిలో హీటరు పనిచేయడం లేదని ఫిర్యాదు చేయాలి. ఇంకో రోజు బ్యాంకు ఖాతా తెరవాలి, మరో రోజు పోయిన పెట్టె గురించి విమానాశ్రయంలో అడగాలి. ఫోన్‌లో రికార్డు చేసి, వెంటనే వినాలి. ఈ పద్ధతికున్న లోపం ఒకటే: నలుగురికీ అవే తప్పులుంటే సరిచేసేవారుండరు. అందుకని నలుగురూ కలిసి డబ్బు వేసుకుని వారానికి ఒక గంట మంచి టీచరును పిలిపించి, ఆ రికార్డులు వినిపించాలి. నేను చూసినంతలో కడపలాంటి ఊళ్లో ఉన్నవారికి ఇంతకంటే గిట్టుబాటయ్యే పద్ధతి లేదు.

ఫోను గురించి రెండు మాటలు. వినడానికి ఫోనును మించినది లేదు. బీబీసీ లర్నింగ్ ఇంగ్లీష్‌లో ఆరు నిమిషాల కార్యక్రమాలు ఉచితంగా ఉన్నాయి, వాటితో పాటు మాటలు కూడా రాసి ఉంటాయి. ఒక వాక్యం విని, ఆపి, అదే ఊపుతో, అదే విరుపుతో పైకి అనాలి. అలా ఒక్క కార్యక్రమాన్ని వారం రోజులు చేస్తే, ముప్పై కార్యక్రమాలు ఊరికే వినడం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఇప్పుడు ఏఐ సహాయకులతో కూడా మాట్లాడవచ్చు. సిగ్గు ఎక్కువున్నవారు అక్కడ మొదలుపెట్టడం మంచిదే. కానీ ఆ యంత్రం మీరు ఎంత తడబడినా ఓపికగా ఆగుతుంది, సగం మాటనూ అర్థం చేసుకుంటుంది. కౌంటరు దగ్గర మీ వెనక ఆరుగురు నిలబడి ఉండగా ఎదుటి మనిషి అలా ఆగడు. కాబట్టి దాన్ని మెట్టుగా వాడుకోవాలి గానీ అక్కడే ఉండిపోకూడదు.

హైదరాబాదు అమీర్‌పేటకో, బెంగళూరుకో వెళ్లి హాస్టల్లో ఉండి నేర్చుకుంటామనేవారు, ఆ హాస్టల్లో పక్క మంచం మీద ఉండేది కూడా తెలుగువాడే అన్న సంగతి ముందే తెలుసుకోవాలి. కేవలం ఇంగ్లీషు కోసం అంత ఖర్చు అక్కరలేదు.

ఏ దారిలో వెళ్లినా విడిచిపెట్టకూడనివి

లీడ్స్‌లో రెండో వారం నాకు జ్వరం వచ్చి, డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోవడానికి ఫోన్ చేశాను. ఇంటిపేరు అక్షరాలు చెప్పమన్నారు. అందులో ఎల్, ఎన్ రెండూ ఉన్నాయి. మన బడుల్లో చాలామందికి అలవాటైనట్టే నేను 'యల్', 'యన్' అన్నాను. అవతల ఆమె ఆ రెండుచోట్లా ముందొక వై వేసి రాసుకుంది. నాలుగు రోజుల తర్వాత మందుల షాపుకు వెళితే నా పేరున చీటీ కనబడలేదు. జ్వరంతో నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాను. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, నా నోటిలో ఉన్న ఒక చిన్న 'య'. ఎల్, ఎమ్, ఎన్, ఎస్, ఎక్స్ అనే అక్షరాలను 'ఎ'తో మొదలుపెట్టి పలకడం ఎవరైనా ఒక సాయంత్రంలో సరిచేసుకోగలరు. వి, డబ్ల్యు శబ్దాలకు మన భాషలో తేడా లేదు కాబట్టి, మొదటిదానికి పై పళ్లు కింది పెదవిని తాకాలని, రెండోదానికి పెదవులు గుండ్రంగా తిరగాలని అద్దం ముందు నిలబడి చూసుకోవాలి. జెడ్ శబ్దాన్ని మనం 'జ' చేస్తాం, దాన్నీ చూసుకోవాలి. పైగా ఆ అక్షరాన్ని అమెరికాలో 'జీ' అంటారు, బ్రిటన్‌లో 'జెడ్' అంటారు. ఫోన్‌లో అక్షరం విప్పి చెప్పేటప్పుడు 'ఎన్ ఫర్ నెల్లూరు' అంటే అక్కడివారికి తెలియదు, 'నవంబర్' అంటే తెలుస్తుంది.

మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, అక్కడ వెనకొస్తుంది. పాస్‌పోర్టులో ఏది ఇంటిపేరుగా, ఏది సొంత పేరుగా ముద్రించి ఉందో చూసుకుని, ప్రతి కాగితంలో అలాగే రాయాలి. తేదీ కూడా అంతే. బ్రిటన్‌లో మనలాగే రోజు ముందు, నెల తర్వాత. అమెరికాలో నెల ముందు. 4/5 అని రాసి ఉంటే అక్కడ అది ఏప్రిల్ 5. లక్ష అనే మాట ఇద్దరికీ తెలియదు, వంద వేలు అనాలి.

మర్యాద సంగతి ఇంకా లోతైనది, నేను దీన్ని అర్థం చేసుకోవడానికి ఏడాది పట్టింది. తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. 'నీళ్లివ్వండి' అన్నప్పుడు ఆ 'అండి'లోనే వినయమంతా ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేసరికి 'గివ్ మీ వాటర్' మిగులుతుంది. 'అండి' ఎగిరిపోతుంది. వినేవారికి అది ఆజ్ఞలా తగులుతుంది, మనకేమో మనం మొరటుగా మాట్లాడామన్న స్పృహే ఉండదు. ఇంగ్లీషులో ఆ వినయం వాక్యం మొదట్లో, అడిగే తీరులో ఉంటుంది: 'కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?' ఈ ఒక్క మలుపు అలవాటైతే, మిగతా వ్యాకరణం కాస్త తడబడినా మనుషులు దయగా ఉంటారు. లీడ్స్‌లో బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థ్యాంక్స్ చెప్పడం మామూలు. 'యూ ఆల్‌రైట్?' అన్నది పలకరింపు, మన ఆరోగ్యం గురించి విచారణ కాదు. ఆ ప్రాంతంలో 'టీకి రా' అంటే సాయంత్రపు భోజనానికి రమ్మని. నేను గదిలో అన్నం తిని వెళితే, ఒక పెద్దావిడ నాకోసం వండిపెట్టిన పళ్లెం ముందు ఉంచింది. ఆమె కష్టం వృథా కాకూడదని రెండోసారి తిన్నాను.

'డౌట్' అనే మాటను కూడా మార్చుకోవాలి. మనం సందేహం అనే అర్థంలో 'ఐ హ్యావ్ ఎ డౌట్' అంటాం. అక్కడి ప్రొఫెసరుకు అది మీరు ఆయన చెప్పినదాన్ని నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు. 'క్వశ్చన్' అనాలి.

దిగాక ఎవరితో ఉండాలి?

ఇక్కడ ఎంత సాధన చేసినా, అక్కడి మొదటి ఆరు నెలల ఎంపికలే ఎక్కువ తేలుస్తాయి. తెలుగువారి గదిలో చేరడమా, వేర్వేరు దేశాలవారు ఉండే ఇంట్లో చేరడమా అని పిల్లలు అడుగుతారు. తెలుగు గదిలో అద్దె తగ్గుతుంది, వంట కుదురుతుంది, దిగులుపడ్డ రాత్రి పలకరించేవారుంటారు. వీటిని తేలికగా తీసేయలేం. రెండో రకం ఇంట్లో భాష త్వరగా వస్తుంది, కానీ ఒంటరితనం మొదటి చలికాలంలో మనిషిని కుంగదీస్తుంది. తెలిసినవారు లేకుండా దిగేవారు మొదటి రెండు మూడు నెలలు తెలుగువారితోనే ఉండాలని నా అభిప్రాయం. ఆ లోపల నోటికి పని కల్పించే పార్ట్‌టైమ్ ఉద్యోగం చూసుకోవాలి. గోడౌనులో పెట్టెలు సర్దే పనికీ, కాఫీ షాపు కౌంటరు పనికీ జీతంలో పెద్ద తేడా ఉండకపోవచ్చు, భాషలో మాత్రం చాలా తేడా ఉంటుంది. కౌంటరు దగ్గర నాలుగు గంటల షిఫ్టులో వందమందితో మాట్లాడతారు. నా చెవి కుదిరింది అక్కడే. ఇల్లు తెలుగు, పని ఇంగ్లీషు అన్న ఏర్పాటు చాలామందికి నిలబడుతుంది. ఇల్లు, పని, స్నేహం మూడూ తెలుగులోనే అయితే, మూడేళ్ల తర్వాత కూడా ఫోన్ మోగితే పక్కవారికి అందించేవారిని చూశాను.

పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు

అరవై దాటిన తల్లిని స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పించవద్దు. అమెరికా వీసా ఇంటర్వ్యూ హైదరాబాదు కాన్సులేట్‌లో తెలుగులోనే ఇవ్వవచ్చు. దిగాక అధికారి సాధారణంగా అడిగేవి మూడు నాలుగు ప్రశ్నలు: ఎవరి దగ్గరికి వచ్చారు, ఎన్నాళ్లుంటారు, తిండి పదార్థాలు ఏమైనా తెచ్చారా. పచ్చళ్లుంటే ఉన్నాయనే చెప్పాలి, నాటుకోడి పచ్చడిలాంటి మాంసం కలిసినవి అసలు తీసుకెళ్లకూడదు. ఈ జవాబులు ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి చేతికిస్తే, చూపించినా తప్పు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా ఆమె నోటికి రావలసిన వాక్యం 'తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్' అన్నది. ప్రభుత్వ నిధులు అందుకునే అమెరికా ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఫోన్‌లోనే తెలుగు మనిషిని కలుపుతారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మనవడికి ఏదైనా అయితే 911 కొట్టి, 'తెలుగు' అని చెప్పి, ఇంటి చిరునామా చదవగలగాలి. ఆ చిరునామాను ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో తెలుగులిపిలో కూడా అంటించి పెట్టండి.

మీ దగ్గర ఎంత గడువుంది?

ఏడాది ఉన్నవారు మొదటి మూడు నెలలు బ్యాచిలో చేరి పునాది వేసుకుని, ఆ తర్వాత నలుగురి జట్టుకు మారాలి. చివరి మూడు నెలల్లో వెళ్లబోయే దేశపు మనిషితో ఆన్‌లైన్ సంభాషణ కలుపుకోవాలి. మూడు నెలలే ఉన్నవారు బ్యాచి జోలికి వెళ్లకుండా, ఉన్న డబ్బంతా ఒక్కరికే చెప్పే ట్యూటరు మీద పెట్టి, రోజూ అరగంట వినడం కలుపుకోవాలి.

మూడు వారాలే ఉండి, పెట్టెలు సర్దుకుంటున్నవారు కొత్తగా ఏ కోర్సులోనూ చేరవద్దు. రోజూ పొద్దున ఇంట్లో ఒకరిని పక్క గదిలోకి పంపి, వారికి ఫోన్ చేసి, మీ పూర్తి పేరు అక్షరం అక్షరంగా, పుట్టిన తేదీ, అక్కడి చిరునామా, పోస్టుకోడు చెప్పండి. వారు కాగితం మీద రాసింది తెచ్చి చూడండి. ఎక్కడ తప్పు రాశారో అక్కడ మీ నోరు తప్పింది. ఆ కాగితంలో తప్పులేవీ మిగలని రోజు వచ్చేదాకా రోజూ అదే చేయండి.